నేర్పితే వస్తుంది: డౌన్ సిండ్రోమ్ విశేషాలు

పల్నాడు జిల్లా బెల్లంకొండ మండలంలో మిరప కోతలు మొదలయ్యాయంటే పెద్దలంతా చేలల్లోనో కళ్లాల్లోనో ఉంటారు. ఇలాంటి పల్లెల్లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా గడప దాటకుండా ఉండిపోతుంటారు. నేర్పితే వాళ్లకూ పని వస్తుందని ఇంట్లోవాళ్లకు తెలియకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. అందుకే ఈ విశేషాలు.

● మూడో నెల, 21వ తేదీ
మన కణాల్లో క్రోమోజోములు 23 జతలు, అంటే 46. 21వ జతలో ఒకటి అదనంగా చేరడం వల్ల వచ్చేదే డౌన్ సిండ్రోమ్. దీని లక్షణాలను 1866లో ఇంగ్లండు వైద్యుడు జాన్ లాంగ్డన్ డౌన్ వివరంగా రాశాడు. అసలు కారణం మాత్రం 1959లో ఫ్రాన్స్‌లో బయటపడింది. 21వ క్రోమోజోములు మూడు ఉంటాయి గనక మార్చి 21ని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినంగా ఎంచుకున్నారు. ఐక్యరాజ్యసమితి 2012 నుంచి దీన్ని పాటిస్తోంది.

● గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు
కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసినందువల్లో, ఏదో తిన్నందువల్లో ఇది రాదు. మేనరికంతో వచ్చే జబ్బుల కోవలోదీ కాదు. అండమో, వీర్యకణమో తయారయ్యేటప్పుడు క్రోమోజోములు సరిగ్గా విడిపోకపోవడమే ఎక్కువమందిలో కారణం. తల్లి వయసు 35 దాటాక ఈ అవకాశం పెరుగుతుంది. అయినా ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది పుట్టేది చిన్న వయసు తల్లులకే, ఎందుకంటే కాన్పులు ఎక్కువగా జరిగేది ఆ వయసులోనే. ప్రపంచం మొత్తమ్మీద సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. కోడలిని నిందించడానికి ఇందులో ఏమీ లేదు.

● పాతికేళ్ల నుంచి అరవై ఏళ్లకు
1980ల తొలినాళ్లలో అమెరికాలో వీళ్ల సగటు ఆయుష్షు పాతికేళ్లే. ఇప్పుడది 60 దాకా వచ్చింది. వీళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. దాన్ని చిన్నప్పుడే ఆపరేషన్‌తో సరిచేయడం ఈ మార్పుకు ముఖ్య కారణం. అందుకే బిడ్డ పుట్టగానే గుండెకు ఎకో పరీక్ష చేయించాలి. తర్వాత కూడా థైరాయిడ్, చూపు, వినికిడి పరీక్షలు మానకూడదు. 20 ఏళ్ల కుర్రాడికి ఇంకా 40 ఏళ్ల జీవితం ముందుందంటే, పని నేర్పడం ఎంత అవసరమో వేరే చెప్పాలా!

● మండలంలోనే భవిత
2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల లోపు పిల్లల్లో వెతికే లోపాల్లో డౌన్ సిండ్రోమ్ ఒకటి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ప్రత్యేక శిక్షణ పొందిన టీచర్లు పాఠాలు చెబుతారు, ఫిజియోథెరపీ ఉంటుంది. వివరాలు మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగొచ్చు. మేధో వైకల్య రంగంలో దేశానికి పెద్ద సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉంది. దాని పొట్టి పేరు ఎన్ఐఈపీఐడీ.

● చొక్కా గుండీల పాఠం
వీళ్లకు విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది. కాబట్టి చెప్పడం తగ్గించి, చేసి చూపించాలి. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, చివరి ముక్కను ముందుగా నేర్పడం ఒక మంచి పద్ధతి. ఉదాహరణకు, చొక్కా తొడిగి, ఆఖరిది తప్ప గుండీలన్నీ అమ్మే పెట్టి, ఆ ఆఖరి గుండీని సగం దూర్చి వదిలేస్తుంది. మిగతా సగం బిడ్డ లాగుతాడు. పని పూర్తిచేసింది తనే! ఆ సంతోషంతో మర్నాడు మళ్లీ చేస్తాడు. అది వచ్చాక పై గుండీ, ఆ తర్వాత దాని పై గుండీ.

● తాలు కాయలు ఏరడమూ చదువే
18 దాటాక కళ్లంలో తాలు కాయలు ఏరే పనినీ ఇలాగే నేర్పొచ్చు. ఒక పళ్లెంలో మంచి ఎర్ర కాయ, ఇంకో పళ్లెంలో తెల్లబడ్డ తాలు కాయ నమూనాగా పెట్టాలి. ముందు పది కాయలు, తర్వాత గుప్పెడు, ఆపైన బుట్టెడు. ఘాటు తగలకుండా ముక్కుకు గుడ్డ తప్పనిసరి. చేసిన పనికి మిగతావాళ్లతో పాటు కూలీ చేతిలో పెట్టాలి.

● హోటల్ నుంచి చట్టసభ దాకా
మన దేశంలో లెమన్ ట్రీ హోటళ్లు డౌన్ సిండ్రోమ్ ఉన్న యువతీయువకులకు శిక్షణ ఇచ్చి ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నాయి. అమెరికా యువకుడు క్రిస్ నికిక్ 2020లో 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 42 కిలోమీటర్లు పరుగెత్తి ఐరన్‌మ్యాన్ పోటీని పూర్తిచేశాడు. స్పెయిన్‌లో మార్ గల్సెరాన్ 2023లో వాలెన్సియా ప్రాంతీయ చట్టసభలో సభ్యురాలైంది.

● ఆటలకు ముందు మెడ
డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో కొందరికి మెడ ఎముకల సందు వదులుగా ఉంటుంది. పల్టీలు, కుస్తీ లాంటివి మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించాలి. నడక, డ్యాన్సు మాత్రం రోజూ ఉండాల్సిందే, ఒళ్లు త్వరగా పెరుగుతుంది కాబట్టి.

● హక్కులు, పింఛను
2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకు కేటాయించిన 4 శాతంలో మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ భాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకు రూ.6,000. వీటికి ముందు కావలసింది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్. దానికి స్లాట్ గ్రామ సచివాలయంలో బుక్ చేయించుకోవచ్చు.

బెల్లంకొండ మండలంలో గానీ, మీ ఊళ్లో గానీ ఇలాంటి బిడ్డ ఉన్న ఇల్లు మీకు తెలిస్తే, ఈ వారమే వెళ్లి పలకరించండి. సదరం ఉందా, భవితకు పంపుతున్నారా అని అడగండి. లేదంటే సచివాలయానికి తోడు వెళ్లండి. 18 దాటినవాళ్లయితే మీ దుకాణంలోనో, కళ్లంలోనో ఒక పని నేర్పి, దానికి తగ్గ కూలీ ఇవ్వండి.