చీరకు అంచులా... కొండకు మ్యూజియం!

మీ బీరువాలో గద్వాల చీర వుందా? వుంటే ఒకసారి తీసి, అంచు దగ్గర వేళ్ళతో తడిమి చూడండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేరు వేరు దారాలే! అయినా నూలు ఎక్కడ ఆగిందో, పట్టు ఎక్కడ మొదలైందో చటుక్కున కనిపెట్టలేం. మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి అలా కలిపేస్తారు మన నేతగాళ్ళు.

మ్యూజియం భవనం గురించి చెబుతానని చీరల్లోకి వెళ్ళిపోయిందేమిటా అనుకుంటున్నారు కదూ? సంబంధం వుందండీ. కొండ మీదో, నది ఒడ్డునో మ్యూజియం కట్టారంటే అది ఆ నేలకు ఈ అంచులా కుదరాలి. అతుకు కనిపించిందా, చీర ఎంత ఖరీదైనదైనా కట్టుకోబుద్ధి కాదు!

ముందు నీళ్ళ సంగతి

ఇటిక్యాలకు దగ్గర్లోని బీచుపల్లిలో కృష్ణమ్మను చూసే వుంటారు. ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, హైవే మీద కర్నూలు వైపు వెళితే అలంపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడ లోపలికి తిరిగితే తుంగభద్ర ఒడ్డున అలంపూర్. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు, వాటి పక్కనే ఆ చుట్టుపక్కల దొరికిన శిల్పాలతో ఓ మ్యూజియం.

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట వున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం ముంపులోకి వచ్చింది. పురావస్తుశాఖవారు దాన్ని రాయీ రాయీ విప్పి, అలంపూర్ తెచ్చి, మళ్ళీ పేర్చి నిలబెట్టారు. ఊరికి నీళ్ళు రాకుండా పెద్ద గోడ కట్టారు. ఇంత చేసినా 2009 అక్టోబరు వరదల్లో అలంపూర్‌లోకి నీళ్ళొచ్చేశాయి.

అందుకే నది పక్కన ఏం కట్టాలన్నా మొదటి ప్రశ్న ‘చూడ్డానికి బాగుందా?’ అని వెయ్యకూడదు. ‘నీళ్ళు ఎంతదాకా వస్తాయి?’ అని వెయ్యాలి.

సరే, ఒక గుడిని విప్పి తెచ్చుకున్నాం. మరి లోయకు లోయే మునిగిపోతే ఏం చేస్తాం?

మునిగిన లోయ, మిగిలిన కొండ

అదీ జరిగింది. ఇదే కృష్ణమ్మ శ్రీశైలం దాటి ఇంకా కిందికి వెళితే నాగార్జునకొండ. మూడువైపులా నల్లమల కొండలు, నాలుగోవైపు నది. ఆ లోయలో 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. స్తూపాలు, విహారాలు, రాతిమెట్ల స్టేడియం... ఎంత వైభవమో! 1926లో ఆ శిథిలాలు పురావస్తుశాఖ దృష్టికి వచ్చాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ డ్యాముకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. నీళ్ళు వచ్చేలోపు వీలైనంత తవ్వి తియ్యాలని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు సాగాయి.

మనలాంటివాళ్ళకు ముచ్చట గొలిపే విషయం ఒకటుంది. అక్కడి కట్టడాలకు దానాలిచ్చినవాళ్ళలో ఎందరో స్త్రీలు! రాజు చాంతమూలుడి చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది. ఆవిడ తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. మేనరికాలు అప్పుడూ వున్నాయన్నమాట! బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ మాటలు రాళ్ళమీద చెక్కి వున్నాయి.

ఈ సంపదనంతా లారీలకెక్కించి ఏ పట్నానికో చేర్చి, గోడౌనులో పడేసి వుండొచ్చు. అలా చెయ్యలేదు. లోయ మునిగితే దీవిగా మిగిలే కొండమీదే మ్యూజియం కట్టారు. అదీ బౌద్ధ విహారం నమూనాలో! తొమ్మిది కట్టడాలను కూడా కిందనుంచి తెచ్చి కొండమీద తిరిగి నిలబెట్టారు. మ్యూజియం 1966లో మొదలైంది.

విహారమంటే ఏమిటంటారా? మన మండువా లోగిలి గుర్తు తెచ్చుకోండి. మధ్యలో అందరూ కూచునే చోటు, చుట్టూ గదులు. భిక్షువుల ఇల్లూ ఇంచుమించు అంతే. పల్నాటి సున్నపురాతి శిల్పాలు మొదట ఎలాంటి ఇళ్ళ మధ్య వుండేవో, మళ్ళీ అలాంటి ఇంట్లోకే గృహప్రవేశం చేశాయి. అదే చోట అద్దాల మేడ కట్టి వుంటే ఎలా వుండేదో ఒక్కసారి ఊహించుకోండి!

లోపల మునిగిపోయిన లోయ నమూనా వుంటుంది. అది చూసి బయటికొచ్చి నీళ్ళవైపు చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఆ లోయలో మనుషుల ఇళ్ళూ పొలాలూ కూడా మునిగాయి. శిల్పాలకు ఇల్లు దొరికింది. ఊరు విడిచి వెళ్ళిన ఇల్లాళ్ళ రోళ్ళూ పొయ్యిలూ ఏమయ్యాయో! లోపలి వస్తువూ, బయటి నీళ్ళూ, మధ్యలో మనమూ... మూడింటినీ ఒక్కచోట కలిపింది ఆ చోటే. పట్నంలో పెట్టి వుంటే ఇంతగా తట్టేది కాదు.

ఇల్లు కట్టే తెలివే!

భవనం నేలతో కలిసిపోవాలంటే ఇంజనీర్లు చూసేవి చాలావరకు మనకూ తెలిసినవే.

ఎత్తు: పక్కన గుడి శిఖరమో, కొండో వుంటే భవనం దానికంటే తల ఎత్తకూడదు. పెద్దవాళ్ళ ముందు కాస్త ఒదిగి కూచోమా!

ఎండ: మన పాలమూరు పడమటెండ సంగతి చెప్పక్కర్లేదు. లోతైన వసారా, మందపు గోడలు, పైన చిన్న కిటికీలు వుంటే సగం వేడి తగ్గుతుంది. రాతికి వెలుతురుతో పెద్ద భయం లేదు. పాత పట్టుచీరలూ, రంగుల బొమ్మలూ పెడితే మాత్రం నేరుగా ఎండ పడకూడదు, వెలిసిపోతాయి.

చెమ్మ: వంటింటి గోడకు చెమ్మెక్కితే తెల్లగా ఉప్పు పూసి పెచ్చులూడుతుంది కదా, రాతి శిల్పానికీ అదే జబ్బు. అందుకే విగ్రహాన్ని నేలమీదో, తడిగోడకు ఆనించో పెట్టరు.

రాయి: దగ్గర్లో దొరికే రాయి వాడితే రంగు కలుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది.

చెట్టు: వున్న చెట్టును కొట్టి భవనం కట్టి, తర్వాత కుండీలు కొనడం తెలివి తక్కువ.

జపాన్‌లో నవోషిమా అనే దీవి వుంది. అక్కడ తడావో అండో అనే ఆయన 2004లో చిచూ మ్యూజియం కట్టారు. దీవి అందం చెడకూడదని భవనాన్ని చాలామటుకు నేలలోపలే దాచేశారు! పైనుంచి వచ్చే పగటి వెలుతురులో బొమ్మలు చూడాలి. ఒకరు కొండమీద విహారం కట్టారు, ఒకరు కొండలో దాచారు. దారులు వేరైనా నేలను గౌరవించడం ఒక్కటే.

రేపు మన వూళ్ళోనూ ఎవరైనా మ్యూజియం కడతామంటే ‘మాకేం తెలుసు’ అని వూరుకోకండి. నీళ్ళెక్కడిదాకా వస్తాయి, చెట్టు వుంచుతారా, గుడి కనిపిస్తుందా... ఈ మూడూ అడగండి చాలు. ఇల్లు దిద్దుకునే మనకంటే ఎవరికి తెలుస్తుంది?

వెళ్ళేముందు: నాగార్జునకొండకు సాగర్ నుంచి లాంచీలో వెళ్ళాలి. గాలివానల్లో లాంచీలు ఆపేస్తారు గనుక ముందు కనుక్కుని బయల్దేరండి. మంచినీళ్ళు, పులిహోర, పిల్లలకు టోపీలు మరచిపోకండి. ఆ పులిహోర పొట్లాల కాగితాలు మాత్రం కొండమీద వదలకుండా మీ సంచీలోనే వెనక్కి తెచ్చుకోండేం!