‘నో వన్ వుడ్ టెల్’: పిల్లలతో కలిసి చూడొచ్చా?

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఒకసారి చూడదగ్గ పాత టీవీ సినిమా ఒకటుంది. పేరు ‘నో వన్ వుడ్ టెల్’, అంటే ఎవరూ నోరు విప్పరు అని. 1996లో అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో వచ్చింది. దీని వెనక నిజంగా జరిగిన ఒక ఘోరం ఉంది. 1991లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని బెవర్లీ అనే ఊళ్లో పద్నాలుగేళ్ల అమ్మాయిని, ఆమెతో ప్రేమగా తిరిగిన పదహారేళ్ల కుర్రాడే చంపేశాడు. సంగతి తెలిసిన స్నేహితులు కొన్ని రోజులు ఎవరికీ చెప్పలేదు. సినిమాలో పేర్లూ వివరాలూ మార్చారు. 2018లో లైఫ్‌టైమ్ చానల్ దీన్నే మళ్లీ తీసింది కానీ, ఇక్కడ చెప్పేది పాతదాని గురించి.

కథ చిన్నదే. స్టేసీ నెమ్మదస్తురాలు. బాబీ స్కూల్లో అందరూ మెచ్చే కుస్తీ ఆటగాడు. అతను తనను ఇష్టపడటమే ఆ పిల్లకు పెద్ద గొప్పగా అనిపిస్తుంది. తర్వాత ఆ ఇష్టం కాపలాగా మారుతుంది. ఏం వేసుకుంది, ఎవరితో మాట్లాడింది అన్నీ అతనికి కావాలి. కోపమొస్తే చెయ్యి చేసుకుంటాడు, ఆ వెంటనే బతిమాలుకుంటాడు.

ఈ సినిమా బలమంతా ఇక్కడే ఉంది. బాబీని చూడగానే దుర్మార్గుడని ఎవరికీ అనిపించదు. ఆ వేషం వేసిన ఫ్రెడ్ సావేజ్ అప్పటికే ‘ది వండర్ ఇయర్స్’ అనే సీరియల్లో ముద్దొచ్చే పిల్లవాడిగా అమెరికాలో ఇంటింటికీ తెలిసినవాడు. ‘మంచి కుటుంబం, మర్యాదగా మాట్లాడతాడు’ అని మనం ఎంత తేలిగ్గా తేల్చేస్తామో ఆ ఎంపికే మనకు చూపిస్తుంది. స్టేసీగా నటించిన కాండేస్ కామెరన్ కూడా, దెబ్బల గుర్తులకు కారణాలు అల్లి చెప్పే సన్నివేశాల్లో ఎక్కడా అతి చేయలేదు. ఇంకొకటి, స్టేసీ వాళ్లమ్మ కూడా తనను బాధపెట్టే మనిషితోనే సర్దుకుపోతూ ఉంటుంది. భరించడం ఎలాగో కూతురు ఇంట్లోనే నేర్చుకుందన్నమాట. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఇది మనకు అర్థమవుతుంది.

మన సినిమాలు చూసి పెరిగిన పిల్లలకు ఇది మరీ అవసరం. కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, బస్సు వెంట బండి మీద రావడం, వద్దన్నా వదలకపోవడం ఇవన్నీ మన హీరోలు పాటల మధ్య చేస్తూనే ఉన్నారు, చివరికి ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది. ఇక్కడ అదే పట్టుదలను అమ్మాయి వైపు నుంచి చూస్తాం.

లోపాలూ ఉన్నాయి. చివర కోర్టులో జడ్జి చెప్పే నీతి పాఠం మరీ సూటిగా ఉంటుంది. ఆ జడ్జి వేషంలో ఉన్నది శాలీ జెస్సీ రఫేల్, టీవీ టాక్ షోలు నడిపిన ఆవిడ. దాంతో సినిమా కాస్తా షోలా మారిపోయింది. పైగా అప్పటికి పిల్లల చేతుల్లో ఫోన్లు లేవు. ఇవాళ వెంటపడటమంటే రాత్రి పదకొండుకు వరసగా వచ్చే మెసేజీలు, లొకేషన్ పంపమని పట్టుబట్టడం, ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడగడం కూడా.

అసలు లోపం వేరే ఉంది. ఎందుకు చెప్పలేదని సినిమా పిల్లల్ని నిలదీస్తుంది. చెబితే ఏమవుతుందని వాళ్లు భయపడ్డారో పెద్దగా పట్టించుకోదు. మన ఇళ్లలో ఆ భయానికి కారణం చాలాసార్లు మనమే. ఒకబ్బాయి వెంటపడుతున్నాడని అమ్మాయి చెప్పగానే మొదట పోయేది ఆమె ఫోన్, తర్వాత ట్యూషన్. ‘నువ్వేం చేశావు?’ అన్న ప్రశ్న ఎలాగూ ఉంటుంది. తప్పు చేసింది ఒకరైతే శిక్ష తనకే పడుతుందని తెలిశాక ఏ పిల్లయినా ఎందుకు చెబుతుంది?

కాబట్టి చెప్పినప్పుడు ముందు వినండి. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. క్లాస్ టీచర్‌కూ ప్రిన్సిపాల్‌కూ అదే రోజు చెప్పండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని లైంగిక ఉద్దేశంతో పదే పదే వెంబడించినా, ఫోన్‌లోనో నెట్‌లోనో సంప్రదిస్తున్నా 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. స్త్రీలను వెంబడించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. వెంటపడేవాడు కూడా మైనరైతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. సాయానికి 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది. తెలంగాణలో షీ టీమ్స్‌ను కూడా పిలవొచ్చు.

అబ్బాయిల తల్లిదండ్రులకూ ఒక మాట. మీవాడు ‘ఆ అమ్మాయి రిప్లై ఇవ్వట్లేదు’ అని రోజంతా ఫోన్ పట్టుకుని కూర్చుంటే, నవ్వి ఊరుకోకుండా ఆ రోజే కూర్చోబెట్టి మాట్లాడండి. ఇంత కథా చూపించిన సినిమా అలాంటి సంభాషణ ఒక్కటైనా మనసులో నిలిచేలా చూపించలేదు.

హత్య ఉన్న సినిమా కాబట్టి ముందు మీరు చూసి, ఆ తర్వాతే పిల్లలతో చూడండి. అయ్యాక ఒకటే అడగండి: ‘నీకిలా జరిగితే ముందు ఎవరికి చెప్తావు?’ మీ పేరు రాకపోతే నొచ్చుకోకండి. పిన్నో, అన్నయ్యో, లెక్కల టీచరో, ఎవరి పేరు చెబితే వాళ్ల నంబరు పిల్లల దగ్గర ఉందో లేదో చూడండి.