తోడెవరని అడగని దారి

ఆడపిల్ల ఒంటరిగా ఊరు దాటితే మన సమాజం ముందు అడిగే ప్రశ్న 'ఎక్కడికి?' అని కాదు, 'ఎవరితో?' అని. ఆ వెంటనే వచ్చేది 'ఎవరి పిల్ల?' అనే ప్రశ్న. ఈ రెండింటినీ ఆమె భద్రత పట్ల ఆందోళనగా చెప్పుకోవడం మనకు అలవాటు. వాటి మూలం మాత్రం కులంలో ఉంది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేద్కర్ ఈ సంగతిని తేటతెల్లం చేశారు. కులం నిలబడేది స్వకుల వివాహం మీద. స్వకుల వివాహం నిలబడేది స్త్రీ మీద అదుపుతో. సతి, నిర్బంధ వైధవ్యం, బాల్య వివాహం ఆ అదుపునకు సాధనాలని ఆయన విశ్లేషించారు. ఆ సాధనాలు నేడు చట్టం ముందు చెల్లవు. స్త్రీ రాకపోకల మీద కాపలా మాత్రం పోలేదు. కనుక ఒంటరి స్త్రీ ప్రయాణం కేవలం పర్యాటక విషయం కాదు, అది కుల ప్రశ్న కూడా.

ఒంటరి మహిళలకు అనువైన నగరంగా పేరుపడిన డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌ను ఈ దృష్టితోనే చూడాలి. అక్కడి మెట్రో రైలు రేయింబవళ్లు నడుస్తుంది. అర్ధరాత్రి విమానం దిగిన స్త్రీ పావుగంటలో నగరం నడిబొడ్డుకు చేరుకోగలదు. మర్నాడు సైకిల్ అద్దెకు తీసుకుంటే ఆమె ముందు 350 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులు ఉంటాయి. అవి రోడ్డు మీద రంగుతో గీసిన గీతలు కావు. కాలిబాటకూ కార్ల దారికీ నడుమ, కాస్త ఎత్తున, రాతి అంచుతో కట్టిన దారులు. నోరెబ్రో ప్రధాన వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిళ్లకు రద్దీ వేళల్లో వరుసగా పచ్చ దీపాలు పడేలా సిగ్నళ్లను అమర్చారు. 2010 నుంచి శివారు రైళ్లలో సైకిల్‌కు వేరే టికెట్ అక్కర్లేదు. పొద్దుగూకాక కూడా రాణి లూయిసా వంతెన మీద సైకిళ్లు సాగుతూనే ఉంటాయి. ఆ ప్రవాహంలో విద్యార్థినులు, ఉద్యోగినులు, ముందున్న పెట్టెలో పిల్లలను కూర్చోబెట్టుకున్న తల్లులు కనిపిస్తారు. కొత్తగా వచ్చిన స్త్రీ వారిలో ఒకరైపోతుంది. వీధిలో జనం ఉండడమే ఆమెకు రక్షణ. ఆమె ఎవరి కూతురో ఎవరికీ పట్టదు.

ఇదంతా ఆ జాతి సంస్కారమనో, చలిదేశపు స్వభావమనో అనుకుంటే పొరపాటు. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ నగరాన్ని కూడా కార్లు ఆక్రమించాయి. 1962లో స్ట్రోయెట్ అనే ప్రధాన బజారులో కార్లను ఆపినప్పుడు వ్యాపారులు గగ్గోలు పెట్టారు. 1973 చమురు సంక్షోభంలో ప్రభుత్వం ఆదివారాల్లో కార్లను నిషేధించింది. ఆ తరువాతి ఏళ్లలో వేలాది సైకిలిస్టులు వీధుల్లోకి వచ్చి సురక్షితమైన దారుల కోసం ప్రదర్శనలు చేశారు. తోటివారు ప్రాణాలు కోల్పోయిన చోట రోడ్డు మీద తెల్ల శిలువలు గీశారు. కొత్త కారు మీద దాని ధరకు సమానంగానో, అంతకు మించో రిజిస్ట్రేషన్ పన్ను దశాబ్దాల పాటు సాగింది. స్త్రీలు కూడా ఊరికే కూర్చోలేదు. 1970 ఏప్రిల్‌లో 'ఎర్ర మేజోళ్లు' అనే స్త్రీల బృందం అదే స్ట్రోయెట్ వీధిలో ఊరేగింది. పురుషుడి వేతనంలో తమకు దక్కేది 80 శాతమే కనుక బస్సు చార్జీలోనూ 80 శాతమే చెల్లిస్తామని వారు ఆ ఏడాదే బస్సెక్కి వాదించారు. అంటే ఆ వీధి స్త్రీలకు దానంగా రాలేదు. పోరాటం, పన్ను, చట్టం కలిసి దాన్ని తయారుచేశాయి.

దారి కోసం పోరాటం మనకూ కొత్త కాదు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి దళితులకు నిషిద్ధమైన బాట మీద ఎడ్లబండి తోలారు. 1924 నాటి వైకోం సత్యాగ్రహం గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం జరిగింది. బడికి నడిచి వెళ్తున్న సావిత్రిబాయి ఫూలే మీద పేడ, బురద చల్లారు. బాలుడైన అంబేద్కర్ తండ్రి వద్దకు ప్రయాణమైనప్పుడు, ఆ పిల్లలు అంటరానివారని తెలిసిన బండివాడు రెట్టింపు కిరాయి పుచ్చుకుని, పగ్గాలు పిల్లల చేతికే ఇచ్చి, మైల సోకకుండా పక్కన నడిచాడు. మన దేశంలో దారి ఎన్నడూ అందరిదీ కాలేదు.

భద్రత సైతం అందరికీ ఒకటి కాదు. తెల్లవారకముందే నాట్లకు, పత్తి చేలకు, ఇళ్లలో పాచిపనికి, వీధులు ఊడ్చే పనికి ఒంటరిగా నడిచేది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల స్త్రీలే. వారికి తోడెవరని ఏ పెద్దమనిషీ అడగలేదు. ఒక స్త్రీని గడప దాటనివ్వకపోవడం, మరొక స్త్రీని రక్షణ లేకుండా వదిలేయడం ఒకే వ్యవస్థ చేసే రెండు పనులు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పెరుమాళ్ల ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. ఆ కేసులో మొదటి నిందితుడు ఆమె కన్నతండ్రి. ఇంటి కాపలా కాసేది కూతురి ప్రాణాన్నా, కులం గీసిన గీతనా అనే సందేహానికి ఇక తావెక్కడిది?

అయితే కోపెన్‌హేగన్‌ను స్వర్గంగా చిత్రించడం కూడా సరికాదు. 2014లో ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ వెలువరించిన సర్వేలో, 15 ఏళ్ల వయసు నుంచి శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యామని చెప్పిన స్త్రీలు డెన్మార్క్‌లో 52 శాతం. సభ్యదేశాలన్నింటిలోకీ అదే అత్యధికం. చెప్పుకునే స్వేచ్ఛ అక్కడ ఎక్కువ కావడం ఇందుకు కొంత కారణం కావచ్చు. కానీ వీధిలో భద్రత ఇంట్లో భద్రతకు హామీ కాదని ఆ అంకె చెబుతోంది. సమ్మతి లేని సంభోగమే అత్యాచారమని ఆ దేశ చట్టం నిర్వచించింది 2021 జనవరి నుంచి మాత్రమే.

కుల ప్రశ్న తెలిసిన పాఠకుడు గమనించవలసిన మరో సంగతి ఉంది. 2018లో డెన్మార్క్ 'గెట్టో' చట్టాలు తెచ్చింది. నిరుద్యోగం, నేరాలు వంటి కొలమానాలతో పాటు, నివాసుల్లో సగానికి పైగా 'పాశ్చాత్యేతర' వలసదారులు, వారి సంతతి అయితే ఆ పేటకు ఆ ముద్ర పడుతుంది. ఏళ్ల తరబడి జాబితాలో ఉన్న పేటలో కుటుంబాలకిచ్చే సామాజిక గృహాలను 40 శాతానికి తగ్గించాలి. పచ్చ దీపాల దారి సాగే నోరెబ్రోలోనే ఉన్న మ్యోల్నర్‌పార్కెన్ వాసులు దీనిపై 2020లో న్యాయస్థానానికి వెళ్లారు. తరువాత పేరు 'సమాంతర సమాజం'గా మారింది, లెక్క మాత్రం మారలేదు. ఆ దేశపు గణాంకాల్లో భారతీయులు కూడా పాశ్చాత్యేతరులే. అక్కడ స్థిరపడే తెలుగు యువతి సైకిల్ మీద స్వేచ్ఛగా తిరుగుతుంది. ఆమె అక్కడే కనే బిడ్డ మాత్రం పుట్టుక ఆధారంగా ఒక గడిలో చేరుతుంది. పుట్టుకతో మనిషిని లెక్కగట్టే చోట, ఆ గడిలో తమ కులం పైమెట్టున లేని చోట నిలబడడం ఎలా ఉంటుందో మన అగ్రకుల వలసజీవులు ఆలోచించవలసిన విషయమిది.

అందుచేత కోపెన్‌హేగన్ నుంచి నేర్చుకోవలసింది సైకిళ్ల సౌందర్యం కాదు. కాపలాకు బదులు సార్వజనిక ఏర్పాటు స్త్రీకి స్వేచ్ఛనిస్తుందనే సూత్రాన్ని నేర్చుకోవాలి. మన అనుభవమూ అదే చెబుతుంది. 1990 దశకం తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిల్ నేర్పింది; కూలీలు, క్వారీ కార్మికురాళ్లు ఎగతాళిని లెక్కచేయక తొక్కారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. 'పని లేకుండా తిరుగుతున్నార'ని వినవచ్చే వెటకారం పాత కాపలాదారు గొంతే. పని లేకుండా తిరిగే హక్కు పురుషుడికి ఏనాడో ఉంది.

బస్సు దిగిన చోటు నుంచి వాడ దాకా ఉన్న చీకటి కిలోమీటరు ఇంకా మిగిలే ఉంది. అక్కడ దీపం, కాలిబాట, రాత్రి బస్సు, హాస్టల్ వేళలపై ఆంక్షల రద్దు, ఫిర్యాదు రాయించుకునే ఠాణా కావాలని అడగడం సామాజిక న్యాయ ఉద్యమాల ఎజెండాలో భాగం కావాలి. ఊరి నడివీధిలో దీపం వెలిగి, వాడ దారి చీకటిగా ఉన్నంతకాలం ఏ నగరపు భద్రతా ర్యాంకూ మనకు గర్వకారణం కాజాలదు.