మోషే తలపై కొమ్ములు

రోము నగరంలోని సాన్ పియెత్రో ఇన్ వింకోలి చర్చిలో మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహం ఉంది. రెండవ జూలియస్ పోపు సమాధి కోసం 1513-15 ప్రాంతంలో మలచిన పాలరాతి శిల్పమది. ఉగ్రగంభీరమైన చూపు, జాలువారే గడ్డం, చంకలో ఆజ్ఞల ఫలకాలు. నెత్తిన మాత్రం రెండు కొమ్ములు!

ఇవి శిల్పి కల్పన కాదు, ఒక అనువాదం పెట్టినవి. మోషే సీనాయి కొండ దిగి వచ్చేసరికి అతని ముఖచర్మంలో కలిగిన మార్పును తెలపడానికి నిర్గమకాండం 34వ అధ్యాయం హీబ్రూలో 'కారన్' అనే క్రియను వాడింది. అదే ధాతువునుంచి వచ్చిన 'కెరెన్' అంటే కొమ్ము. ప్రాచీన హీబ్రూ రాతలో హల్లులే తప్ప అచ్చుల గుర్తులు లేవు కనుక రెండు మాటలకూ అవే మూడు అక్షరాలు. (మన గుణింతంలో 'కొమ్ము' ఒక అచ్చు గుర్తే కావడం ఒక తమాషా.)

క్రీ.శ. 400 ప్రాంతంలో హీబ్రూ మూలాన్ని లాటినులోకి తెచ్చిన జెరోమ్ 'కొమ్ములు గల' అనే అర్థమిచ్చే పదం వేశాడు. ఆయనను అజ్ఞాని అనడం అన్యాయం. రెండవ శతాబ్దంలోనే గ్రీకు అనువాదకుడు అక్విలా ఆ దారి తొక్కాడు. 69వ కీర్తనలో ఇదే ధాతువు నిజంగానే కొమ్ములున్న ఎద్దును వర్ణిస్తుంది. పైగా బైబిలులో కొమ్ము బలానికి, ఘనతకు సంకేతం. జెరోమ్ మనసులో ఉన్నదీ మహిమేనని ఆయన వ్యాఖ్యానాలను బట్టి తెలుస్తుంది. కాని అనువాదకుడు తన మనసును మాటకు అంటించి పంపలేడు. ఈ వృత్తిలో ఉన్నవారందరం ఎరిగిన బాధే అది.

పదకొండవ శతాబ్దంలో ఇంగ్లండు చిత్రకారులు మోషేకు కొమ్ములు గీశారు. అప్పటికవి గౌరవచిహ్నాలే. క్రమంగా కొమ్ము సైతానుకు గుర్తయింది. యూదులను సైతాను సంతతిగా చిత్రించే ద్వేషం ముదిరింది. 1267లో వియన్నాలో సమావేశమైన చర్చి పెద్దలు యూదులు కొమ్ము టోపీ ధరించి తీరాలని శాసించారు. ఆ శాసనానికి ఈ ఒక్క పదమే కారణమని అనలేము. అయినా కొమ్ముల మోషేను చూస్తూ పెరిగిన కళ్ళకు ఆ టోపీ వింతగా తోచి ఉండదు.

ఆ అధ్యాయాన్ని చివరిదాకా చదివితే సందేహం చాలావరకు తీరుతుంది. అక్కడ ప్రస్తావన ముఖచర్మం గురించే గాని తల గురించి కాదు. జనం దగ్గరకు రావడానికి జంకారు; మోషే ముసుగు వేసుకున్నాడు. కొమ్ములను దాచడానికి ముఖంమీద ముసుగెందుకు? జెరోమ్‌కు శతాబ్దాల ముందే పాత గ్రీకు బైబిలు దీన్ని మహిమగా గ్రహించింది. కొరింథీయులకు రాసిన రెండవ లేఖ 3వ అధ్యాయంలో పౌలు చెప్పింది కూడా, చూపు నిలపలేనంత తేజస్సు గురించే.

హబక్కూకు 3వ అధ్యాయంలో దేవుని చేతినుంచి వెలువడేవాటికీ మూలంలో ఈ కొమ్ము పదమే ఉంది. జెరోమ్ లాటినులో అవి కొమ్ములు. తెలుగు బైబిలులో కిరణాలు.