ఎత్తు పెంచితే మారేది కోణం

కొలరాడోలో ఉంటున్న ఒక మిత్రుడు కొంతకాలం క్రితం పాత జీప్ రాంగ్లర్ కొన్నాడు. 1997 నుంచి 2006 వరకు తయారైన, టి.జె. అని పిలిచే నమూనా అది. యూటా రాష్ట్రంలో మోఆబ్ చుట్టూ ఉన్న ఎర్రరాతి బాటల మీద నడపాలని అతని కోరిక. ఒక వర్క్‌షాపులో సస్పెన్షన్‌ను నాలుగు అంగుళాలు ఎత్తించి, 30 అంగుళాల టైర్ల స్థానంలో 33 అంగుళాలవి వేయించాడు. బండికి గంభీరమైన రూపం వచ్చింది. కానీ ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు, వేగం 50 మైళ్ళు దాటగానే కాళ్ళ కిందనుంచి ఒక అదురు, దానితోపాటు సన్నని మోత మొదలయ్యాయి. టైర్ల బ్యాలెన్సు మూడుసార్లు సరిచూసినా అవి పోలేదు. రెండు నెలలు గడిచేసరికి ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక సీలు నుంచి నూనె కారసాగింది.

ఏ భాగమూ నాసిరకం కాదు, బిగింపులో లోపమూ లేదు. ఎత్తు మారినప్పుడు దానితోపాటు మారే కోణాలను ఎవరూ కొలవకపోవడమే అసలు కారణం. ఆ కోణాల లెక్క ఏమిటో, వాటిని అదుపులో ఉంచుకుంటూ బండిని ఎత్తడం ఎలాగో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఎత్తడం వల్ల వచ్చేదేమిటి?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. టి.జె. వంటి బండిలో ముందూ వెనకా ఉన్నవి ఏకఖండమైన ఇరుసులు. పొడవైన స్ప్రింగులు వేస్తే పైనున్న ఛాసీ, బాడీ లేస్తాయి కాని ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. బండిలో రాళ్ళకు ముందుగా తగిలే భాగం ఇరుసు మధ్యన ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్. స్ప్రింగులు ఎంత పెంచినా అది ఒక్క వెంట్రుకవాసి కూడా పైకి లేవదు. దానిని లేపేది టైరు ఒక్కటే. 30 అంగుళాల టైరుకు బదులు 33 అంగుళాలది వేస్తే వ్యాసార్ధం పెరిగిన మేరకు, అంటే ఒకటిన్నర అంగుళం, ఇరుసు లేస్తుంది.

మరి సస్పెన్షన్ ఎత్తడం దేనికి? పెద్ద టైరు పైకీ కిందికీ కదిలేటప్పుడు ఫెండరుకు తగలకుండా చోటు కల్పించడానికి, బండి పొట్ట రాతి అంచుకు ఆనకుండా ఉండడానికి. అవసరమైన టైరుకు చోటిచ్చే ఎత్తు చాలు. అంతకు మించిన ప్రతి అంగుళం గరిమనాభిని పైకి తెచ్చి పక్కవాలు మీద బండి పల్టీ కొట్టే ప్రమాదాన్ని పెంచుతుంది, డ్రైవ్‌షాఫ్టు కోణాన్ని కూడా పెంచుతుంది.

క్రాస్ చేసే పని

గేర్‌బాక్సునుంచి వచ్చే శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె ట్రాన్స్‌ఫర్ కేస్. ఇది ఛాసీకి బిగించి ఉంటుంది. ఇరుసు స్ప్రింగుల మీద పైకీ కిందికీ కదులుతూ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపేది డ్రైవ్‌షాఫ్టు. దాని రెండు కొనల్లోనూ యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. రెండు పంగలు, వాటి నడుమ కూడిక గుర్తు ఆకారంలో ఒక ఉక్కు ముక్క. మన లారీ మెకానిక్కులు దీనినే క్రాస్ అంటారు. పదహారవ శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో పేరుమీద దీనికి కార్డన్ జాయింట్ అనీ, పదిహేడవ శతాబ్దంలో దీనిని వాడుకలోకి తెచ్చిన ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరుమీద హుక్ జాయింట్ అనీ పేర్లున్నాయి.

ఈ జాయింటుకు పుట్టుకతో వచ్చిన ఒక లోపం ఉంది. రెండు దండాలు ఒకే గీత మీద లేనప్పుడు, మొదటిది సమవేగంతో తిరిగినా రెండవది అలా తిరగదు. ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పుంజుకుంటుంది, రెండుసార్లు మందగిస్తుంది. ఈ హెచ్చుతగ్గు వాటి మధ్య కోణం కొసైన్ మీద ఆధారపడి ఉంటుంది. కోణం 5 డిగ్రీలైతే వేగంలో తేడా అటూ ఇటూ 0.4 శాతం లోపే. 10 డిగ్రీలైతే అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 21 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 7 శాతం. అంటే కోణం రెట్టింపైతే తేడా సుమారు నాలుగు రెట్లవుతుంది.

దీనికి పాతకాలపు విరుగుడు రెండో కొనలో ఉండే జాయింటే. ట్రాన్స్‌ఫర్ కేస్ దండమూ, డిఫరెన్షియల్‌లోకి వెళ్ళే పినియన్ దండమూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండి, షాఫ్టు రెండు కొనల్లోని పంగలు ఒకే తలంలో ఉంటే, మొదటి జాయింటు కలిగించిన హెచ్చుతగ్గును రెండవది రద్దు చేస్తుంది. అయితే ఆ రద్దు పినియన్‌కే. నడుమనున్న షాఫ్టు మాత్రం వేగం మార్చుకుంటూనే తిరుగుతుంది. 33 అంగుళాల టైర్లు, 3.73 గేర్లు ఉన్న బండి గంటకు 60 మైళ్ళ వేగంతో పోతున్నప్పుడు షాఫ్టు సెకనుకు 38 చుట్లు తిరుగుతుంది. కనుక సెకనుకు 76 మార్లు ఆ బరువైన గొట్టం త్వరణానికీ మాంద్యానికీ లోనవుతుంది. నా మిత్రుడి కాళ్ళ కింది అదురు ఇదే. ఆ తాకిడిని భరించేది సూదుల్లాంటి రోలర్ బేరింగులు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక బుష్, దాని పక్కనున్న సీలు.

పొట్టి షాఫ్టుకు పెద్ద శిక్ష

అదే నాలుగు అంగుళాలు పొడవైన పికప్ ట్రక్కును ఇంతగా ఎందుకు బాధించవు? టి.జె. ముందు వెనక చక్రాల మధ్య దూరం 93.4 అంగుళాలు మాత్రమే. దానిలో ఇంజను, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ పోగా వెనక షాఫ్టుకు మిగిలే చోటు బహు స్వల్పం.

లెక్కకోసం ఒక షాఫ్టు 20 అంగుళాలు, మరొకటి 50 అంగుళాలు అనుకుందాం. రెండూ మొదట 10 డిగ్రీల వాలులో ఉన్నాయి. ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా రెండు బండ్లనూ నాలుగు అంగుళాలు ఎత్తితే, పొడవైనదాని వాలు సుమారు 14 డిగ్రీలకు చేరుతుంది. పొట్టిదాని వాలు సుమారు 21 డిగ్రీలవుతుంది. అంతేకాదు, పొట్టి షాఫ్టు ఒక అంగుళానికి పైగా సాగవలసి వస్తుంది. టి.జె.లలో చాలావాటికి షాఫ్టు ముందు కొన ట్రాన్స్‌ఫర్ కేస్ దండం మీద పళ్ళతో జారుతూ ఉంటుంది. సాగిన మేరకు ఆ పళ్ళ పట్టు తగ్గుతుంది.

విరుగుడు మార్గాలు

అన్నిటికన్నా చౌకైనది ట్రాన్స్‌ఫర్ కేస్‌ను మోసే అడ్డపట్టీని దిమ్మలు పెట్టి ఒక అంగుళం దించడం. కోణం కొంత తగ్గుతుంది. కాని పొట్ట కిందకు దిగుతుంది గనుక, ఎత్తడం వల్ల సంపాదించినదానిలో కొంత తిరిగి ఇచ్చివేసినట్లే.

రెండవ మార్గం సస్పెన్షన్‌ను తక్కువ ఎత్తి, మిగిలిన చోటును బాడీ లిఫ్ట్‌తో పూరించడం. ఛాసీకీ బాడీకీ మధ్య ఒక అంగుళం దిమ్మలు పెడితే షాఫ్టు కోణం ఏమాత్రం మారదు, టైరుకు చోటు మాత్రం పెరుగుతుంది.

మూడవది శాశ్వతమైనది. ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక జారే దండాన్ని తీసివేసి, పొట్టిదైన స్థిరమైన పంగను అమర్చుతారు. దీనివల్ల షాఫ్టుకు మరికొంత పొడవు దొరుకుతుంది. ఆ షాఫ్టు పైకొనలో డబుల్ కార్డన్ జాయింటు ఉంటుంది. అంటే పక్కపక్కనే రెండు క్రాస్‌లు. అవి కోణాన్ని చెరిసగం పంచుకుని ఒకదాని హెచ్చుతగ్గును మరొకటి అక్కడికక్కడే సరిచేస్తాయి. షాఫ్టు దాదాపు సమవేగంతో తిరుగుతుంది.

అయితే ఇక్కడ సూత్రం తలకిందులవుతుంది. కింది కొనలో ఒంటి జాయింటే మిగిలింది, దాని హెచ్చుతగ్గును రద్దు చేసే తోడు లేదు. కాబట్టి అక్కడ కోణమే ఉండకూడదు. పినియన్ ట్రాన్స్‌ఫర్ కేస్ దండానికి సమాంతరంగా కాక, షాఫ్టు దిక్కుగా చూడాలి. పొడవు మార్చుకోగల కంట్రోల్ ఆర్మ్‌లతో ఇరుసును తిప్పి దీన్ని సాధిస్తారు. బండిని ముందుకు తోసేటప్పుడు పినియన్ ముక్కు కొంచెం పైకి లేస్తుంది కనుక, నిలిపి ఉన్నప్పుడు ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచుతారు. కొత్త షాఫ్టు కొని పినియన్‌ను పాత కోణంలోనే వదిలేసేవారు ఒక అదురుకు బదులు మరో అదురును కొనుక్కుంటారు.

ముందు ఇరుసు మెలిక

వెనక చేసినదే ముందు చేయబోతే చిక్కు వస్తుంది. ముందు ఇరుసులో పినియన్, స్టీరింగు పిడికిళ్ళు ఒకే కడ్డీకి చెందినవి. పినియన్‌ను పైకి తిప్పితే, స్టీరింగును తనంతట తానే తిన్నగా తెచ్చే క్యాస్టర్ కోణం తగ్గిపోతుంది. బండి హైవే మీద నిలకడ తప్పుతుంది. రెండూ ఒకేసారి కుదరనప్పుడు క్యాస్టర్‌కే పెద్దపీట వేయాలి. షాఫ్టు అదిరితే భాగాలు అరుగుతాయి, స్టీరింగు అదుపు తప్పితే ప్రాణాలే పోవచ్చు.

ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉన్న టొయోటా టకోమా, 4రన్నర్ వంటి బండ్లలో శిక్ష పడేది చక్రాలకు వెళ్ళే సి.వి. షాఫ్టులకు. ఇవి 1920ల నాటి రెజెప్పా నమూనా వారసులు. కోణం ఉన్నా సమవేగంతోనే తిరుగుతాయి, అందుకే అదురు తెలియదు. కాని కోణం పెరిగినకొద్దీ లోపలి గుండ్లు, గాళ్ళు వేడెక్కుతాయి. రబ్బరు తొడుగు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు పోయి ఇసుక చేరుతుంది. అందుకే వీటిని రెండు మూడు అంగుళాలకు మించి ఎత్తదలచినవారు డిఫరెన్షియల్‌ను కూడా కిందికి దించుకుంటారు.

పెద్ద టైరు, పొడవైన మీట

కోణాలు సరిచేసినా మరొక భారం మిగిలే ఉంటుంది. టైరు ఇరుసును మెలితిప్పే మీట. 30నుంచి 33 అంగుళాలకు వెళితే ఆ మీట పది శాతం పొడవవుతుంది. నేలను అదే బలంతో నెట్టాలంటే ఇరుసు షాఫ్టు పది శాతం ఎక్కువ టార్క్ మోయాలి. గేర్లు మార్చకపోతే ఆ బరువంతా ఇంజను మీద, క్లచ్ మీద పడుతుంది. 3.73 గేర్లకు బదులు 4.10 వేస్తే పాత నిష్పత్తి దాదాపు కచ్చితంగా తిరిగివస్తుంది. అప్పుడు టార్క్ పెరిగేది పినియన్ తర్వాత. డ్రైవ్‌షాఫ్టు మీద భారం మునుపటిలాగే ఉంటుంది.

మిగిలినది నడిపేవారి చేతిలో ఉంది. చక్రాలు పూర్తిగా తిప్పి ఉండగా, టైరు రాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ముందు ఇరుసు జాయింట్లు తెగుతాయి. స్టీరింగును తిన్నగా తెచ్చి, లో రేంజ్‌లో, నిదానంగా కదపాలి.

కొలత ముందు, ఖర్చు తర్వాత

బండిని ఎత్తకముందే, అది చక్రాల మీద పూర్తి బరువుతో నిలిచి ఉన్నప్పుడు, మూడు కోణాలు కొలిచి రాసుకోవాలి: ట్రాన్స్‌ఫర్ కేస్ దండం, డ్రైవ్‌షాఫ్టు, పినియన్. చవకైన డిజిటల్ కోణమాపకం చాలు. ఎత్తాక మళ్ళీ కొలవాలి. ఆ తర్వాత బండి గేరును న్యూట్రల్‌లో ఉంచి, ఛాసీని గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఇరుసును పూర్తిగా వేలాడనిచ్చి షాఫ్టును చేతితో తిప్పి చూడాలి. ఎక్కడైనా పంగలు ఒకదానికొకటి తగిలితే ఆ బండి బాటకు సిద్ధంగా లేనట్లే. ఇరుసు వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలు బిగుసుకుంటున్నాయేమో చూడడం మరవకూడదు. డ్రైవ్‌షాఫ్టు తెగితే బండి ఆగిపోతుంది, బ్రేకు గొట్టం తెగితే ఆగదు.

నా మిత్రుడు చివరకు స్థిరమైన పంగ, డబుల్ కార్డన్ షాఫ్టు వేయించి, పినియన్‌ను తిప్పించాడు. అదురు పోయింది, కొత్త సీలు నూనె కార్చడం లేదు. దానికైన ఖర్చు మొదట లిఫ్ట్ కిట్టుకు పెట్టినదానికి తక్కువేమీ కాదు. ఇప్పుడు ఎవరైనా తమ బండిని ఎన్ని అంగుళాలు ఎత్తించమంటావని అడిగితే, అతను ముందుగా వారి షాఫ్టు పొడవెంతో అడుగుతున్నాడు.