వార్తల్లో పదం: ఇంటెంట్ బేస్డ్ నెట్‌వర్కింగ్

పల్నాడు జిల్లాలోని నరసరావుపేట, మాచర్ల, గురజాలల్లో కరెంటు పంపిణీ ఏపీసీపీడీసీఎల్ సంస్థది. ఇలాంటి పంపిణీ సంస్థల కోసం కేంద్రం 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం దేశంలో 25 కోట్ల స్మార్ట్ మీటర్లు బిగించాలని లక్ష్యం పెట్టుకుంది. వాటి రీడింగులు రేడియో ద్వారానో, సిమ్ ద్వారానో సర్వర్‌కు చేరాలి. ఒక్కో మీటరుకూ దారి, వేగం, వంతు ఇంజినీరు చేత్తో సరిచేయడం అయ్యే పని కాదు.

ఇలాంటి చోట్ల కోసమే ఇంటెంట్ బేస్డ్ నెట్‌వర్కింగ్ అనే ఈ పద్ధతి. 'రీడింగులు అరగంటలో అందాలి, సరఫరా ఆగిన కబురు అన్నిటికంటే ముందు రావాలి' అని ఇంజినీరు లక్ష్యం చెబితే చాలు. సాఫ్ట్‌వేరు దాన్ని సెట్టింగులుగా మార్చి పరికరాలకు పంపుతుంది, ఫలితాన్ని కొలుస్తూ ఉంటుంది. గాలివానకు, రీడింగులను సర్వర్‌కు చేరవేసే ఒక గేట్‌వే ఆగిపోతే వేరే దారి తనే వెతుకుతుంది. కొలవడం, సరిదిద్దుకోవడం లేకపోతే అది మామూలు ఆటోమేషనే. అమ్మేవాళ్లు మాత్రం రెంటికీ ఇదే పేరు తగిలిస్తుంటారు! ఇంటర్నెట్ పరిశోధన సంస్థ ఐఆర్‌టీఎఫ్ 2022 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 9315 పత్రంలో ఈ పద్ధతిని నిర్వచించింది.

లక్ష్యం తప్పుగా చెబితే యంత్రం ఆ తప్పునే శ్రద్ధగా అమలు చేస్తుంది. ఇక నల్లమల అంచు ఊళ్లలో సిగ్నలే అందకపోతే ఏ సాఫ్ట్‌వేరూ చేయగలిగింది లేదు. అక్కడ ముందు కావలసింది టవరే.