కొసరు గుప్పెడు

కార్తీకమాసం చివరి సోమవారం వచ్చిందంటే బెంగుళూరు బసవనగుడిలో బుల్ టెంపుల్ రోడ్డు మీద బండ్లు కదలవు. రోడ్డుకు రెండుపక్కలా వేరుశెనక్కాయల గుట్టలే. కన్నడంలో దీన్ని 'కడలేకాయి పరిషె' అంటారు. పూర్వం ఇక్కడి సుంకేనహళ్ళి చేలల్లో ఒక ఎద్దు పడి పంటంతా మేసేదనీ, దాన్ని శాంతపరచడానికి రైతులు తొలిపంట మొక్కుకున్నారనీ కథ. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కాయ మన బసవన్నకు ఇంత ఇష్టమైపోవడం చిత్రమే!

ఈసారి మా మనవరాలిని తీసుకుని వెళ్ళాను. దానికి తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

పచ్చికాయ, ఉడికినకాయ, ఇసుకలో వేయించినకాయ - ఏ గుట్ట దగ్గర ఆగినా రెండు కాయలు చేతిలో పెడతారు. రుచి చూడకుండా కొనేవాళ్ళను అక్కడ ఎవరూ మెచ్చరు. మూడు గింజల కాయ చూడ్డానికి బాగుంటుంది గానీ, నా ఓటు రెండు గింజల చిన్నకాయకే. ఉప్పునీళ్ళలో ఉడికిస్తే పాలలా తియ్యగా ఉంటుంది. ఆ పక్కనే బెండు, బత్తాసులు, బెల్లంపాకం పట్టిన సేవె, పప్పుచెక్కలు. చెక్క విరిస్తే టక్కుమనాలి. పళ్ళకు సాగిందంటే పాకం ముదరలేదన్నమాట. అలా సాగినది ఒకచోట కొని మోసపోయాం కూడా.

గుడి మలుపులో గోనెపట్టా పరుచుకుని ఒకామె కూర్చుంది. సేరు ఎంతని కన్నడంలో అడిగాను.

"తిని చూడక్కా. తినేదానికి దుడ్లు అడగన్లే" అంది తెలుగులో. శ్రీనివాసపురం పక్క పల్లెట. "చెనిక్కాయలు ఈ తూరి సన్నంగా ఉండాయి. ఊడ దిగే పొద్దుకి వాన లేకపాయె."

వేరుశెనగ పువ్వు పైన పూస్తుంది, కాయ కింద మట్టిలో కాస్తుంది. పువ్వు నుంచి ఊడ దిగి నేలలోకి దూరేటప్పుడు తడి లేకపోతే గింజ కట్టదు. ఆమె ఒక్క ముక్కలో చెప్పింది అదే.

నాకు మాత్రం చెవిలో 'చెనిక్కాయలు' అన్నమాటే నిలిచిపోయింది. మాది చింతామణి. మా అమ్మ అలాగే అనేది. పెళ్ళయి గుంటూరువాళ్ళ ఇంటికి వచ్చిన కొత్తలో నేను 'చెనిక్కాయల ఊరిమిండి' అంటే వంటింట్లో అందరూ నవ్వారు. వాళ్ళకు పచ్చడి. ఆ రోజునుంచి వేరుశెనగ అనీ, పచ్చడి అనీ జాగ్రత్తగా పలకడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, అమ్మ చివరిరోజుల్లో ఫోనులో అలా అన్నప్పుడు నేనే సరిదిద్దాను. ఆవిడ ఏమీ అనలేదు. తర్వాత ఆ మాట నా దగ్గర వాడటం మానేసింది.

"మీదేవూరక్కా?" అని అడిగిందామె.

"చింతామణి. ఇంకో సేరు పొయ్యి మే" అన్నాను. ఆ పలుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు.

ఆమె రెండు సేర్లు కొలిచి, కొసరుగా గుప్పెడు కాయలు మా పిల్ల గౌను జేబులో పోసింది. పిల్ల వాటిని చూసుకుని "చెనిక్కాయలు!" అంది. నా నోటి చివరిదాకా వచ్చింది, వేరుశెనక్కాయలు అనాలమ్మా అని. మింగేశాను.

అన్నట్టు, పరిషెకు వెళితే గుడ్డసంచి పట్టుకెళ్ళండి. పచ్చికాయ కొంటే ఆ రాత్రే ఉడకబెట్టండి, లేదా మర్నాడే పలచగా ఎండబెట్టండి. మూటగట్టి ఉంచితే బూజు పడుతుంది, బూజుపట్టినది తినకూడదు. మేమూ సగం మేడమీద ఎండబోశాం. సాయంత్రానికి గుట్ట బాగా తగ్గింది. కాకులు ఎత్తుకుపోయాయని మనవరాలు తెలుగులోనే చెప్పింది. దాని జేబునిండా తొక్కలే.